వరాలప్ప కట్టిన ధర

రాయగడ బ్యాంకులో వరుసలో నిలబడి ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం సెమిలిగుడలో వరాలప్ప ఇంటర్నెట్ సెంటరు గుర్తొచ్చింది; అక్కడ రోజూ ఇదే అరుపు. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె నాకు బంధువేమీ కాదు, యజమాని. ఆధార్ ఫారాలు నింపడం పైకి కనిపించే పని. అసలు వ్యాపారం వెబ్‌సైట్ల పేర్లు ముందుగా కొనిపెట్టుకుని, కావలసినవాళ్ళకు అమ్మడం.

"ఉత్త పేరుకి డబ్బులెవులిత్తారప్పా?" అని మొదటిరోజే నవ్వాను.

"జంక్షన్లో కొట్టుకీ, సందులో కొట్టుకీ ఒకటే అద్దేటమ్మీ?" అంది.

పేరు పొట్టిగా ఉండాలి, మధ్యలో గీతలూ అంకెలూ ఉండకూడదు. ఎదుటి టీ కొట్టు దగ్గర ఆగిన లారీ డ్రైవరుకు ఆ పేరు ఒక్కసారి చెప్పి, అతను టీ తాగాక మళ్ళీ అడిగేది. తడుముకున్నాడా, ఇక ఆ పేరు కొనేది కాదు. అలాంటి పేర్లకు ఇతరులు పెట్టిన లక్షల ధరలు నేను గొప్పగా చూపిస్తే, "అడగడానికేటి, ఎవుడైనా అడుగుతాడు. అమ్ముడైన ధర సూడు" అని కసిరేది.

ఒక్క పేరైనా సొంతంగా అమ్మితే వ్యాపారంలో వాటా ఇస్తానంది. ఇంట్లో నన్ను ఫారాలు నింపే పిల్లనని 'ఫారాల అమ్మి' అంటూ వెక్కిరించేవారు. వాటాదారునై వాళ్ళ నోళ్ళు మూయించాలని నాకు ఒకటే తహతహ. సరిగ్గా అప్పుడే బంధుగాం మహిళల పసుపు సంఘంవాళ్ళు ఏటేటా కట్టాల్సిన రుసుము మరిచిపోయి, తమ వెబ్‌సైటు పేరు పోగొట్టుకున్నారు. నేను గబుక్కున నా ఎనిమిది వందలతో దాన్ని కొనేసి, ఆ వెబ్‌సైటు తెరిస్తే కనబడేలా నలభై వేలకు అమ్మకానికి పెట్టాను. ధర పక్కనున్న మా నంబరు పట్టుకుని, వారం తిరక్కుండా సంఘం పెద్ద పార్వతి సెంటరుకే వచ్చింది.

"పొట్లాలన్నింటి మీదా ఇదే పేరు అచ్చేయించీసేం. ఆర్డర్లన్నీ దీన్లోకే వత్తాయి. పాతిక వేలకిత్తే అప్పు సేసి తెత్తాం," అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గుండె గంతేసింది.

వరాలప్ప నా వైపు తిరిగింది. "ఈ పేరు ఈళ్ళకి కాకండా ఇంకెవులికి పనికొత్తాదో సెప్పు."

ఎంత ఆలోచించినా ఒక్కరూ తట్టలేదు. "ఎవులికీ రాదప్పా."

"అయితే నువ్వు ధర కట్టింది పేరుకి కాదు, ఈళ్ళ కంగారుకి. నీ ఎనిమిది వందలు తీసుకుని ఇచ్చెయ్."

"మరి నా వాటా?"

"అమ్మితే ఇత్తానన్నాను. ఇది అమ్మడం కాదు."

ఎనిమిది వందలు తీసుకుని పేరు ఇచ్చేశాను కానీ, పరాయి మనిషి ముందు ఆ మాట అన్నందుకు రెండు రోజులు అప్పతో మాట్లాడలేదు. ఆమె బతిమాలనూ లేదు. మరుసటేడు ముగ్గురు టైర్ల వ్యాపారులు పోటీపడిన ఒక పేరు అమ్మాకే నాకు వాటా వచ్చింది.

అప్ప పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ధర కట్టేది నేనే. నిజం చెప్పొద్దూ, ఎవరైనా కంగారుగా ఫోను చేసి "ఆ పేరు లేకపోతే మునిగిపోతాం" అంటే, నాలో ముందు లేచేది ఆ నలభై వేల ఆశే. అప్ప ఆ తరువాత ఎప్పటికో లేస్తుంది. ఆమె లేచేదాకా నేను ధర చెప్పను.