దీపం పెట్టిన గదిలో పాము

నేను రిటైరయ్యే ముందు ఆఖరి డిసెంబరు. దుర్గ్ దగ్గర ఒక పశువైద్యశాలలో సీనియర్ డాక్టరుని. ఆవులూ మేకలూ వచ్చే ఆ ఆసుపత్రిలో పాముని ముట్టుకునేదాన్ని నేనొక్కదాన్నే. అందుకే స్మృతి నగర్ కాలనీ నుంచి ఫోను నాకే వచ్చింది. పాము బిల్కుల్ కదలట్లేదట.

పాము సింహాచలం గారిది. ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. విషం లేని, నారింజరంగు విదేశీ పాముని ఆరేళ్లుగా గాజుపెట్టెలో పెంచుకుంటున్నారు. పద్ధతి నేర్పింది నేనే. ఎదిగిన పాముకి పది పన్నెండు రోజులకొక ఎలుక చాలు, అదీ ఫ్రీజర్లోంచి తీసి వెచ్చచేసింది. చలికాలం రెండు నెలలు చల్లటి గదిలో నిద్రపుచ్చాలి. మూడు వారాల ముందే మేత ఆపి, కడుపు ఖాళీ అయ్యాకే వేడి తగ్గించాలి. చలిలో అరుగుదల ఉండదు. లోపలున్న ఎలుక కుళ్లి పాముని చంపేస్తుంది. ఆయన ఇదంతా షిఫ్టు లాగ్‌బుక్కులా తేదీ, వేడి, మేత అని గళ్లు గీసి రాసిపెట్టేవారు. మా ఆసుపత్రి రిజిస్టరుకి ఆ శుభ్రం ఏనాడూ లేదు.

ఆయన పోయి పదమూడు రోజులైందని ఆ ఇంటికి వెళ్లాకే తెలిసింది. భార్య నరసమ్మ గారు వెనకగదికి తీసుకెళ్లారు. మధ్యాహ్నమైనా గది చల్లగా, మసకగా ఉంది. పాము నడుం ఉబ్బి ఉంది. తల గాజుకి ఆనించి, నేలమీద ఒక నూనెమరక వైపే చూస్తోంది.

లాగ్‌బుక్కు తెరిచాను. ఆయన పోయాక కూడా రాత ఆగలేదు. అదే చేతిరాత, అవే గళ్లు. నాలుగు రోజుల కిందటి గడిలో "మేత: ఎలుక ఒకటి" అని ఉంది. ఎవరు రాశారని అడిగాను.

"నానే. ఆయనకి సెయ్యి వణుకు కదా డాక్టరమ్మా. మొదట్నుంచీ ఆయన సెప్పడం, నాను రాయడం." "ఇప్పుడూ సెప్తన్నారు" అన్నారు, మామూలుగానే.

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. ఆయన పోయింది ఆ గదిలోనే. ఆ చోట పది రోజులు దీపం ఆరకుండా చూశారు. చుట్టాలు తలుపులు మూసి, హీటరు వేసుకుని కూచున్నారు. గది వేడెక్కి చలినిద్రలో ఉన్న పాము లేచింది. తొమ్మిదో రోజు పెట్టెలో అలికిడి విని, అది ఆయనేనని, ఆయనకి ఆకలేస్తోందని అనుకుని ఈవిడ ఎలుక పెట్టారు. పదకొండో రోజు దీపం తీసేశారు, చుట్టాలు వెళ్లిపోయారు, గది మళ్లీ చల్లబడింది.

వెచ్చబరిచే మ్యాటు వెతికించి పెట్టె కింద పరిచాను. ఈ ఏడు పాముకి నిద్ర లేదు, స్విచ్చి వెయ్యండి అన్నాను.

ఆవిడ కదల్లేదు. "ఆయన ఎలిపోవాలనే కదా దీపం తీసేసినారు. మల్లీ గది ఎచ్చబడితే ఎలా ఎల్తారు?"

వెయ్యకపోతే పాము చస్తుందని మాత్రం చెప్పాను. ఆవిడ నేలమీది ఆ దీపం మరక వైపు ఒకసారి చూసి, స్విచ్చి తనే వేశారు.

వారం తర్వాత వెళ్లాను. ఎలుకని కక్కేసి పాము బతికింది. కక్కిన పాముకి పదిహేను రోజులు మేత పెట్టకూడదు. అది చెబుదామనే వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆవిడ లాగ్‌బుక్కు చేతికిచ్చారు. "కక్కింది. పదిహేను రోజులు మేత వద్దు" అని ఉంది. ఆ ముక్క నేను ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

జంతువుని చూసేముందు ఆ ఇంట్లో ఎవరు పోయారు, దీపం ఏ గదిలో పెట్టారు అని అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. ఆ గడి ఎవరు చెబితే రాశారని మాత్రం నేను అడగలేదు.