పాషా మాట మీద కోసిన మొర్రి పండ్లు

పోయిన వానాకాలంలో కన్నుమూసిన అహ్మద్ పాషాకు ఏన్కూరులో తండ్రి నాటి దుకాణం ఉండేది. అడవి ఊళ్లలో ఇప్పపువ్వు, చింతపండు, మొర్రి పండ్ల గింజల్లోని పలుకులు, అంటే సారపప్పు, కొనేవాడు. కాటాను గోనెసంచిలో చుట్టి, బండికి కట్టుకుని వాగవతలి గూడేనికి వెళ్లేవాడు. వెళ్లగానే సంచి విప్పేవాడు కాదు. ముందు ఆ గూడెపు పెద్దామె ముత్తక్క వాకిట్లో కూర్చుని, ఆమె సొరబుర్రతో ఇచ్చే నీళ్లు తాగేవాడు.

"సల్లబడు తమ్మీ. నీ కాటా యాడికి పోదు" అనేది ముత్తక్క.

ఆ గూడెంలో కొత్తగా కాసింది ఏదైనా ముందు దేవుడి దగ్గర పెట్టి, కొత్తల పండుగ చేసుకున్నాకే ముడతారు. మొర్రి పండ్లూ అంతే. పండుగ మర్నాడు తెల్లారగానే అన్ని ఇళ్లవాళ్లూ ఒక్కసారే అడవికి బయల్దేరతారు. నలుగురు కొడుకులున్న ఇల్లయినా, ముత్తక్కలా ఒంటరి మనిషి ఉన్న ఇల్లయినా మొదలుపెట్టేది ఒకేసారి. పండుగ కాకుండా కాటా విప్పకూడదని పాషాకు తండ్రి నేర్పాడు.

పాషా చెల్లెలి కొడుకు అజ్మల్ హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి, కంపెనీ ఉద్యోగం మానేసి, అడవి జనానికి ఏదైనా చేయాలని తిరిగొచ్చాడు. ఆ పట్టుదల నటన కాదని పాషాకు తెలుసు. అందుకే తానే గూడేనికి తీసుకుపోయాడు.

"నా అల్లుడక్కా. నా తర్వాత ఇగ ఈడే."

"గింత తెల్లగున్నడు, ఎండకు ఆగుతడా?" అంది ముత్తక్క. అందరూ నవ్వారు. అజ్మల్ కూడా నవ్వాడు.

ఆ వేసవిలో పాషా మోకాలి నొప్పితో ఖమ్మం దవాఖానాలో పడ్డాడు. కోలుకుని, పండుగనాడు అజ్మల్ బండి వెనుక కూర్చుని గూడెం చేరాడు. ముత్తక్క నీళ్లు తేలేదు. దేవుడి ముందు పరిచిన ఆకు ఖాళీగా ఉంది. ఊరి పెద్ద పగిడయ్య లేచాడు.

"పండుగకు ముందే కోయమని నీ అల్లునితోని ఎందుకు చెప్పి పంపినవ్, పాషా భాయ్?"

"నేనా?"

"సరుకు లారీ వచ్చింది, ఈ ఒక్కసారికి ఏం గాదని పాషా భాయ్ అన్నడంట. నీ పేరు ఇనంగనే పోరగాళ్లు పచ్చివే దులిపిండ్రు. కొమ్మలు గూడ ఇరిచిండ్రు."

"నీ మాటంటే నేను గూడ అడ్డం చెప్పలే తమ్మీ," అంది ముత్తక్క. "పండుగ దాక ఆగినోళ్లకు ఒక్క పండు మిగల్లే."

పాషా వెనక్కి తిరిగి చూశాడు. అజ్మల్ బండి పక్కన తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. 'నేనే చెప్పిన' అని వాడు అనే ఒక్క మాట కోసం పాషా ఎదురుచూశాడు. అది రాలేదు. తాను కాదంటే ఈ పిల్లవాడికి ఇక ఈ గూడెంలో అడుగు పడదు.

"పేరు నాదే గద. తప్పు నాదే," అన్నాడు పాషా.

తిరుగుదారిలో అజ్మల్ నోరు విప్పాడు. "వాళ్ల మంచికే మామూ. ఆగితే లారీ పోయేది. మీ పేరు చెప్తే ఇంటరని..."

"ఇంటరనే కదరా నేను ఎన్నడూ వాడుకోలే."

ఆ చలికాలం, సేవ చేయాలనుకునే కుర్ర ఉద్యోగులకని ఖమ్మంలో సభ పెట్టారు. అజ్మల్ ముఖ్య వక్త. జనం నమ్మకం ఎట్లా గెలవాలో మా మామూ దగ్గరే నేర్చుకున్నానన్నాడు. చప్పట్ల మధ్య పాషాను పైకి పిలిచి, పిల్లలకు ఒక సలహా చెప్పమని మైకు చేతికిచ్చాడు.

పాషా మైకును నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మీరు ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే పోతరు. పోండి. ఆ మనిషి అనని మాట అన్నడని మాత్రం చెప్పకండి. చెప్పినా, ఊరోళ్లు అడిగిననాడు లేచి 'నేనే చెప్పిన' అనండి."

అజ్మల్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఆ మాటలు ఇంకెవరి గురించో అన్నట్టు.

మళ్లీ కొత్తల పండుగకు పాషా ఒక్కడే, కాటా లేకుండా, కుంటుకుంటూ గూడేనికి వెళ్లాడు. జరిగింది చెప్పేయాలనే వెళ్లాడు.

ముత్తక్క ఎగాదిగా చూసింది. "నీ అల్లుడు రాలేదా?"

"రాలే. అక్కా, నీకో మాట చెప్పాలె..."

"ఆనాడు బండి కాడ ఫోన్ సూస్తుండె గద. మా గూడెంల సిగ్నల్ యాడిది?"

"తెలిసీ ఎందుకడగలే అక్కా?"

"నువ్వే చెప్తవని సూసిన. ఇన్నేండ్లు మా వాకిట్ల కూసున్నోడివి, మా దిక్కు నిలబడ్తవనుకున్న. నువ్వు ఆ పోరని దిక్కు నిలబడితివి."

లోపలికి వెళ్లి సొరబుర్రతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కూర్చోమనలేదు. పాషా నిలబడే తాగాడు.