జూలై ఒకటో తారీఖు పిల్లలు

రిటైరై ఇన్నేళ్ళయినా ఉదయం తొమ్మిదిన్నరయ్యేసరికి నా కాళ్ళు ఒకచోట నిలవవు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతాను. పక్కింటి పాప నోటుబుక్కు గోడ మీంచి అడిగి తీసుకుని తప్పులు దిద్దుతాను. "టీచరుగారూ, మీరు రిటైరైపోయారండి" అని వాళ్ళమ్మ నవ్వుతూ గుర్తుచేస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది. రాజమండ్రిలో సొంతిల్లు, వేళకి భోజనం, ఇంకేం కావాలి నీకు అంటారు మా వాళ్ళు. నిజమే. కానీ ఈ వేసవిలో నాకు కుదురు లేకుండా పోవడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు.

మే నెలలో ఒక సాయంత్రం ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. జుట్టు నాకంటే తెల్లగా ఉంది. ఎవరో పోల్చుకోలేకపోయాను.

"మొగల్తూరు దగ్గర మీ మొదటి స్కూలండి. ఒకటో క్లాసులో మధ్యాహ్నం పూట మీ ఒళ్ళో నిద్రపోయేదాన్నండి" అంది.

అంతే, గుర్తొచ్చేసింది. పలక చేత్తో పట్టుకునే నిద్రపోయేది. ఇప్పుడు ద్రాక్షారామం దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఉద్యోగమంతా కాన్పుల గదిలోనే గడిచిందట. జూన్ ఆఖరుకి రిటైరవుతున్నానని చెప్పింది.

"అప్పుడేనా?" అన్నాను.

"రికార్డు ప్రకారం అండి. మీరు రాసిందేగా!" అని నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కాఫీ తాగాక అసలు సంగతి చెప్పింది. "గుళ్ళో అర్చనకి నక్షత్రం అడిగితే ఇన్నాళ్ళూ మా ఆయనది చెప్పి ఊరుకున్నానండి. నాది నాకు తెలీదు. మా అమ్మ పోయేముందు కూడా అడిగాను. 'నాకు గుర్తులేదే, నువ్వు పుట్టినప్పుడు పంతులుగారు చెప్పినదంతా మీ టీచరుగారు రాసుకుంటానన్నారు, ఆవిడ దగ్గరుంటుంది' అంది. రిటైరయ్యాక నా పేరున, నా నక్షత్రానికి ఓ పూజ చేయించుకోవాలనుందండి. మీ దగ్గర ఎక్కడైనా రాసుంటుందేమోనని వచ్చాను."

"ఉంటుంది. చూసి చెప్తాను" అన్నాను.

అది పచ్చి అబద్ధం. ఆవిడ గేటు దాటకముందే నాకు అంతా గుర్తొచ్చింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాదయింది. జూన్‌లో బడి తెరవగానే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చుకోవడం మా పని. ఆ ఏడు ఉండాల్సిన సంఖ్యకి ఒక పిల్ల తక్కువైంది. అదలాగే ఉంటే రెండో టీచరు పోస్టు ఎత్తేసేవారు. రెండో టీచరంటే నేనే. ఎక్కడో గోదారి పాయ పడవలో దాటి వెళ్ళాల్సిన లంకలో వేస్తారని ఒకటే భయం. చివరికి ఒక ఇంటి అరుగు మీద ఈ పిల్ల కనబడింది. వాళ్ళమ్మ కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది.

"మూడున్నరేనండి దీనికి" అంది.

"ఏం ఫర్వాలేదు, నేను చూసుకుంటా" అన్నాను.

ఆవిడ లేచి నిలబడి, చేతులు చీరకి తుడుచుకుంది. "పిల్ల పుట్టిందండీ..." అని ఏదో మొదలుపెట్టింది. చదువు రాని మనిషి, పంతులుగారు చెప్పినదంతా మనసులో దాచుకుని, ఇన్నాళ్ళకి కాగితం మీద పెట్టేవాళ్ళు దొరికారని చెప్పబోయింది. నేను వినలేదు. "అవన్నీ ఎందుకమ్మా, నేను రాసుకుంటాలే" అని చెయ్యి అడ్డం పెట్టాను. ఐదేళ్ళు నిండేట్టు లెక్క చూసుకుని జూలై ఒకటి అని రాసేశాను. పిల్లని చంకనేసుకుని బడికి నడిచాను.

అందరూ అలాగే రాసేవారు. పుట్టినరోజు తెలియని పిల్లలందరూ మా రిజిస్టర్లలో జూలై ఒకటినే పుట్టారు. జూన్ ఆఖరున ఆఫీసుల్లో గుంపులు గుంపులుగా రిటైరవుతున్నారంటే అదంతా మా చలవే. ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం కూడా. కానీ ఈ పిల్లకి పుట్టినరోజు తెలియకపోవడం కాదు, నేను చెప్పనివ్వలేదు. నా రిటైర్మెంటు రోజున శాలువాలు కప్పి, జీవితమంతా సేవకే ధారపోశారన్నారు. తలూపుతూ కూర్చున్నాను.

సెలవులయ్యేదాకా ఎలాగో ఆగి, బడి తెరిచిన మర్నాడే బస్సెక్కి మొగల్తూరు వైపు పోయాను. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ చిన్నపిల్ల, కుర్చీ వేసి, పాత అడ్మిషన్ రిజిస్టరు బీరువా అడుగు నుంచి తీయించింది. ఆ పేజీలో పదకొండు మంది. ఏడుగురికి జూలై ఒకటి. "ఎంత ముత్యాల్లాంటి అక్షరాలండీ మీవి!" అంది ఆ అమ్మాయి. పుస్తకం మూసెయ్యాలనిపించింది. అయినా అంచుల్లో, అట్ట వెనకాల కూడా వెతికాను. వినని మాట ఎక్కడ రాసి ఉంటుంది?

తిరుగు ప్రయాణంలో బుర్ర ఊరుకోలేదు. ఏదో ఒక నక్షత్రం, రోహిణి అని చెప్పేస్తే ఏం పోయింది? ఆవిడ సంతోషిస్తుంది, పూజ చేయించుకుంటుంది, నేను హాయిగా నిద్రపోతాను. ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచన. కానీ అలా చెప్తే మళ్ళీ ఒకసారి ఆవిడ తరఫున నేనే రాసుకోవడం అవుతుంది. ఆ మాట తట్టాక ఇంట్లో ఉండలేకపోయాను.

ఆవిడ ఉద్యోగం ఇంకో మూడు రోజులుందనగా ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. "మీ అమ్మ చెప్పబోయిందమ్మా. నేనే వద్దన్నాను. ఎక్కడా లేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మీ దగ్గరుందన్న ధైర్యంతోనే ఉన్నానండి ఇన్నాళ్ళూ" అంది.

నాకు ఏడుపొచ్చింది. క్షమించమ్మా అన్నాను. అంతలో ఆవిడకి లోపల నుంచి పిలుపొస్తే లేచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోదామని నేను రెండుసార్లు లేచి, రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాను.

కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆవిడ బయటికి వచ్చి నా చేతిలో ఒక చీటీ, పెన్ను పెట్టింది.

"బిడ్డ పుట్టగానే గడియారం చూసి, టైము రాసి తల్లికిస్తానండి. పైకి చదివి వినిపిస్తాను కూడా. ఇక్కడ ఎవరూ చెయ్యరు, నా అలవాటంతే. ఇవాళ మీరు రాయండి. ఆడపిల్ల, పదకొండూ నలభై రెండు."

"ఎంతన్నావూ?" అన్నాను.

మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అడిగి, అప్పుడు రాశాను.