బ్రహ్మం చదివిన టెండరు

కాగితం చేతికొస్తే చివరిదాకా చదవనిదే కింద పెట్టడు బ్రహ్మం. అది గుణం కాదు, రోగమనేవారు ఆఫీసులో. ఎల్‌బీ నగర్ వైపు ఒక మున్సిపల్ సర్కిల్ కార్యాలయంలో అతను రికార్డు అసిస్టెంటు. పుట్టింది పోచంపల్లిలో, నేత ఇంట్లో. అక్కడ చీర మీది బొమ్మ మగ్గం మీద పుట్టదు, రంగు వేయకముందు నూలుకు ముడులు కట్టేటప్పుడే పుడుతుంది. ఒక్క ముడి తప్పినా, రంగులో ముంచాక దేవుడు కూడా దిద్దలేడు. అందుకే వాళ్ల నాయన బొమ్మ గీసిన గళ్ల కాగితం మీద వరుసవరుసా వేలుపెట్టి చదివించేవాడు. ఆ వేలే దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్టులో కొన్నాళ్లు చీరల లేబుళ్ల మీద తిరిగి, చివరికి ఆఫీసు ఫైళ్ల మీదికి చేరింది.

ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు, ఇంటి దగ్గరే సేవ అందాల్సినవాళ్లు ఎనిమిది వందల మంది కార్డులు అతని దగ్గరుండేవి. అన్నిట్లోకీ తలనొప్పి కార్డు సోమమ్మది. డెబ్బై ఎనిమిదేళ్లు, షుగరు, కాలికి మానని పుండు. కొడుకులిద్దరూ తల్లిని వంతులేసుకున్నారు. ఒక నెల కర్మన్‌ఘాట్‌లో పెద్దవాడి ఇల్లు, మరుసటి నెల మలక్‌పేటలో చిన్నవాడి ఇల్లు. మలక్‌పేట వేరే సర్కిలు. నర్సులకు జాబితాలిచ్చే పాత కంప్యూటరుకేమో మనిషికి ఒక్క ఇల్లే తెలుసు. కట్టు కట్టడానికి నర్సు వెళ్లిన నెలల్లో సగం సోమమ్మ అక్కడ ఉండేది కాదు. అట్లా కట్టు తప్పిన ఒక నెలలో పుండు ముదిరి పది రోజులు దవాఖాన పాలైంది. ఇంకోసారి ఇట్లా జరిగితే కాలు దక్కదని డాక్టరు తేల్చేశాడు.

అప్పుడు దిగాయి నిధులు. మలక్‌పేటతో సహా చుట్టుపక్కల మూడు సర్కిళ్లకూ కలిపి ఒకే కొత్త రికార్డుల వ్యవస్థ కొనాలి. మార్చి ముప్పై ఒకటిలోపు కొనకపోతే నిధులు వెనక్కి పోతాయి. సూపరింటెండెంటు విశ్వేశ్వరరావు నాలుగే రోజుల్లో ఎనభై నాలుగు పేజీల టెండరు తయారుచేస్తే అందరూ ముక్కున వేలేసుకున్నారు. జిరాక్సు తీస్తూ చదువుతున్న బ్రహ్మం వేలు మాత్రం, కొత్త వ్యవస్థలో ఏమేం ఉండాలో చెప్పే జాబితాలో అరవై మూడో వరుస దగ్గర ఆగింది. "లబ్ధిదారుని ఎడమ చెవి కత్తిరింపు గుర్తును నమోదు చేసే వీలుండాలి."

"సార్, గిదేంది? ముసలోళ్ల చెవులు మనమెందుకు కోస్తం?"

గోదావరి ఒడ్డు వదిలి పాతికేళ్లయినా యాస వదలని విశ్వేశ్వరరావు తల ఎత్తలేదు. "అది టెక్నికల్ భాషయ్యా బాబూ. నీకూ నాకూ అర్థమవదు, కంపెనీ వాళ్లకి అర్థమవుద్ది. నువ్వు కాపీలు తియ్యి."

బ్రహ్మం తీశాడు.

మార్చి ఇరవైన రెండు కంపెనీలు వచ్చాయి. పెద్ద కుర్చీలో డిప్యూటీ కమిషనర్ ప్రవీణ. ఫైళ్లందిస్తూ మూలన బ్రహ్మం. మొదటి కంపెనీ తరఫున కోటు వేసుకొచ్చిన నాగార్జున నూట పది వరుసలకూ "ఉంది" అని టిక్కు పెట్టుకొచ్చాడు. రెండోది చిన్న కంపెనీ. పాత ల్యాప్‌టాప్‌తో సింధు ఒక్కతే వచ్చింది. అరవై మూడో వరుసలో మాత్రం ఆమె "లేదు, ఎందుకో అర్థం కాలేదు" అని రాసింది.

"ఒక్క 'లేదు' ఉన్నా రూలు ప్రకారం బయటికేనండి మేడం," అన్నాడు విశ్వేశ్వరరావు. సింధు ల్యాప్‌టాప్ మూసేసింది.

బ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒక్క మాట. గా అరవై మూడోది జర తెర మీద చూపియ్యమనుండ్రి."

"తప్పకుండా," అన్నాడు నాగార్జున. "అది మా ప్రీమియం ప్యాకేజీలో ఉంది. లబ్ధిదారుల చెవుల వివరాలు పూర్తి భద్రంగా ఉంటాయి."

"ఎవరి చెవులు సార్? మా తాన ఎనిమిది వందల మంది ఉన్నరు, ఒక్కరి చెవి గూడ తెగలే. గా గుర్తు వీధికుక్కలకు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ జేసినంక పెడ్తరు. గిది కుక్కల రికార్డుల పాత టెండరు మేడం. పేరు మార్చిన్రు, చెవి మర్చిన్రు."

ప్రవీణ నవ్వును పంటి కింద నొక్కిపెట్టింది.

"టైము తక్కువ కదండీ... ఏదో ఒక నమూనా ఉంటే బావుంటుందని..." అన్నాడు విశ్వేశ్వరరావు.

"చెవి దొరికింది. తోక గూడ ఎక్కడన్న ఉందేమో చూడుండ్రి," అని ప్రవీణ ఆ వరుసను ఇద్దరికీ కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో ఫైల్లో రాసి సంతకం పెట్టింది. "బ్రహ్మం గారూ, ఇగ మీరే అడుగుండ్రి."

బ్రహ్మం సోమమ్మ కార్డు బల్ల మీద పెట్టాడు. "గీ అమ్మను ఎక్కియ్యుండ్రి. ఈ నెల కర్మన్‌ఘాట్, ఒచ్చే నెల మలక్‌పేట. నర్సు సరైన ఇంటికే పోవాలె."

"అయిపోతుంది, చాలా ఈజీ," అని నాగార్జున మూడుసార్లన్నాడు. చెయ్యి మాత్రం ఒక్కసారీ కీబోర్డు మీద పడలేదు. సింధు కార్డును రెండువైపులా తిప్పి చూసింది. "రెండిండ్లు పెట్టొచ్చు. నెల మారంగనే జాబితా మారుడు మాత్రం ఇప్పటికైతే లేదు సార్, కొత్తగ రాయాలె. నాలుగింటిదాకా టైమిస్తరా?"

రికార్డు గదిలో స్టూలు మీద కూచుని రాసింది. మధ్యలో తలెత్తి అడిగింది. "నెల సగంల ఇల్లు మారితే ఎట్ల?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. బ్రహ్మం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "బోనాల పండుగకు ఆమె బిడ్డ తనింటికి తీస్కపోతదమ్మా. గప్పుడు మూడో ఇల్లు."

"అంటే ఎన్ని ఇండ్లన్న ఉండాలె," అని సింధు రాసిందంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడే బ్రహ్మానికి నమ్మకం కుదిరింది.

నాలుగింటికి తెర మీద తేదీని ఏప్రిల్ ఒకటికి మార్చగానే సోమమ్మ పేరు మలక్‌పేట నర్సు జాబితాలోకి వెళ్లి కూచుంది. మార్కులు దాన్నిబట్టే పడ్డాయి. మార్చి ముప్పైన సింధు కంపెనీతో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రెండు నెలలు బ్రహ్మం చదువుతుంటే కార్డులన్నీ ఎక్కాయి.

జూన్ ఒకటి పొద్దున మలక్‌పేట నర్సు ఫోన్ చేసింది. ఆమె నోరు తెరిచేలోపే ఫోన్లో సోమమ్మ గొంతు వినిపించింది. "నేనింక ఆటో దిగనేలేదు, గీ పిల్ల ఒచ్చి వాకిట్ల కూసున్నది! ఏం తొందర బిడ్డా, జర నీళ్లన్న తాగనియ్యరా?"

"తాగమ్మా," అన్నాడు బ్రహ్మం. "కట్టు మాత్రం ఇయ్యాల్నే."