ఊరెళ్లే అర్జీ రేటు

అర్జీ పెట్టుకున్నవాళ్లు సొంతూళ్లకు వెళ్లొచ్చని సర్కారు చెప్పేనాటికి నాకు ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి కాబట్టి, ఆ నెలలో నేను సూరత్ నుంచి సిరిసిల్లకు వెళ్లాలని ముందే అనుకున్నారు. అప్పటికే కరోనా లాక్‌డౌన్‌తో రైళ్లు ఆగిపోయాయి, మా ఆయన నడిపే మరమగ్గాలు ఆగిపోయాయి, ఇంట్లో కూర్చుని నేను చీరలకు రాళ్లు అంటించే పనీ ఆగిపోయింది. ఆగకుండా పెరిగినవి రెండే. ఒకటి నా కడుపు, రెండోది ఆ అర్జీ రేటు.

నిజానికి అర్జీ ఉచితమే. ఆ మాట ఫారం మీదే ముచ్చటగా రాసి ఉంది. కాకపోతే దాన్ని ఫోనులో నింపాలి, అదీ ఇంగ్లీషులో. మా వడోద్ గల్లీలో ఆ విద్య తెలిసిన మహానుభావుడు రీచార్జ్ కొట్టాయన ఒక్కడే. మొదట్లో యాభై తీసుకున్నాడు. కొట్టు ముందు వరుస పెరిగాక రెండు వందలన్నాడు. ఎందుకు పెంచావని మా ఆయన అడిగితే, మీ కోసం ప్రాణాలకు తెగించి కూర్చుంటున్నాను కదా అన్నాడట. షట్టర్ సగం దించుకుని, లోపలి నుంచే అన్నాడు ఆ మాట.

తర్వాత డాక్టర్ చీటీ కావాలన్నారు. పెద్దాసుపత్రిలో పొద్దంతా నిలబడగలిగితే దానికీ పైసలు అక్కర్లేదు. నేను నిలబడలేను కనుక మా వీధి చివరి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన ముట్టుకోకుండా, తలైనా ఎత్తకుండా మేమిద్దరం ఆరోగ్యంగా ఉన్నామని కనిపెట్టేశాడు. అంత గొప్ప వైద్యానికి మనిషికి మూడు వందలు ఏపాటి? కాన్పు కోసం దాచిన డబ్బు అలా కాన్పుకు వెళ్లే ప్రయత్నానికే కరుగుతూ వచ్చింది.

అనుమతి వచ్చింది. చక్కగా ముహూర్తం చూసుకుని, నాకు ఎనిమిదో నెల పెట్టాక వచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో పొలిమేర దాటకూడదని మావాళ్ల పట్టింపు.

"గీ నెల పోనియ్యి బిడ్డా. తొమ్మిదోది పడంగనే పోదువు," అన్నది ఫోనులో మా అత్త.

అనుమతి వారం రోజులకే చెల్లుతుందని మా ఆయన నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. ఊరంతా కరోనాకు వణుకుతుంటే మేము నెలకు వణికాం. నవ్వుతున్నాను గానీ, అప్పుడు నాకూ భయమే. దారిలో ఏదైనా జరిగితే ఆ మాట జన్మంతా పడాలి. వారం గడిచింది, అనుమతి ఫోనులోనే మురిగిపోయింది.

తొమ్మిదో నెల పడగానే మళ్లీ కొట్టుకు వెళ్లాం. ఈసారి ఐదు వందలు. పైగా నెలలు నిండినవాళ్లు ప్రయాణం చేయొచ్చని డాక్టర్ వేరే చీటీ రాయాలట. మనిషిని చూడకుండా రాసిన మా వీధి డాక్టరే ఇప్పుడు నన్ను తేరిపార చూశాడు. దారిలో ఏమైనా అయితే తన మెడకు చుట్టుకుంటుందని రాయనన్నాడు. వైద్యం ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంకో డాక్టర్ రాస్తానన్నాడు గానీ, ఆయన అడిగింది ఇవ్వాలంటే మా ఆయన నెలంతా మగ్గాలు నడపాలి. మగ్గాలేమో బంద్.

పిల్ల సూరత్‌లోనే పుట్టింది. అమ్మ చేతుల్లో పడాల్సిన పిల్లను మాస్కు వెనక ముఖం కూడా కనబడని ఒక నర్సు అందుకుంది. నొప్పుల కన్నా అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఇంటికి వచ్చాక వీడియోలో అమ్మకు చూపించాను. నెట్ సరిగా లేక పిల్ల ముఖం కాసేపు కనబడి కాసేపు ఆగిపోతోంది. ఎవరి పోలిక అని కూడా అమ్మ అడగలేదు.

"బిడ్డా, గా కొట్టాయన్ని జర అడుగు. నేను గక్కడికి రావాల్నంటే అర్జీకి ఎంతైతదట?"

అడిగాను. వెళ్లడానికి ఒక రేటు, రావడానికి ఇంకో రేటట. రావడానికే ఎక్కువట. అమ్మకు ఆ లెక్క చెప్పలేక, నువ్వు వచ్చేలోపు పిల్లే నీ దగ్గరికి నడిచి వస్తుందిలే అని నవ్వించాను.

రైళ్లు తిరిగి, చేతిలో పైసలు కూడి, చివరికి పిల్ల నడక నేర్చాకే సిరిసిల్ల వెళ్లగలిగాం. గుమ్మంలో అమ్మ చేతులు చాపింది. పిల్ల ఎవరో కొత్త మనిషనుకుని, ఏడుస్తూ వచ్చి నా కాళ్లను చుట్టేసుకుంది.