జల్సా నాడు నా పుర్రచెయ్యి

"తెలిసినోళ్లు కుడిచెయ్యి లేపాలె. తెలవనోళ్లు ఎడమచెయ్యి లేపాలె. చెయ్యి లేపనోడు మాత్రం ఒక్కడు గూడ ఉండొద్దు."

మా పెద్ద పంతులు మనసు పెట్టి నేర్పిన పాఠం ఏదైనా ఉందంటే అదొక్కటే. ఎక్కాలు రాకపోయినా ఊరుకునేవాడు గానీ ఈ చేతుల సంగతి మరిచిపోతే వీపు చీరేసేవాడు. ఏడాదికోసారి తనిఖీ సాహెబు వస్తాడు. ఆయన ప్రశ్న అడగ్గానే తరగతి మొత్తం చేతులెత్తుతుంది. పంతులు కుడిచేతుల్లోంచి ఒకడిని చూసి లేపుతాడు. వాడు గడగడా చెబుతాడు. సాహెబు మెచ్చుకుని బడికి సర్కారు ఇచ్చే సాయం ఇంకో ఏడాదికి మంజూరు చేసి పోతాడు. ఆ సాయం ఆగితే బడి మూతే. నిజాం కాలంలో సిద్దిపేటలో మా బడి అట్లా ఏడాది నుంచి ఏడాదికి ఈడ్చుకొచ్చింది.

బడంటే ఏమనుకున్నారు? కిరాయికి తీసుకున్న ఇంట్లో రెండు అర్రలు. పెంకులు సగం పగిలినవి, సగం కోతులు పీకేసినవి. వాన పడితే పలకలు నెత్తిన పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ బడిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. పైగా నాది పుర్రచెయ్యి. అన్నం తినబోయినా, బలపం పట్టబోయినా, ఎవరన్నా పిలిస్తే పలకబోయినా ముందు ఎడమచెయ్యే లేస్తుంది. దేవుడు ఇచ్చిన చెయ్యి, నేనేం చేసేది?

అందుకని తనిఖీకి ముందు ఈ చేతుల కసరత్తు మొదలైతే నాకు నరకం మొదలయ్యేది. జవాబు తెలుసు. చెయ్యి లేపుతాను. లేచేది ఎడమది. "తెలిసి గూడ తెలవదంటవానే పుర్రదానా?" అని ఈత బరిగె నా వేళ్ల కణుపుల మీద పడేది. మా పెద్ద పంతులుకు ఆ పని ఇష్టమని నాకు అప్పుడే అర్థమైంది. కొట్టేటప్పుడు ఆయన మొహం విప్పారేది. చివరికి ఒక గుడ్డపేలిక తెచ్చి నా ఎడమచెయ్యిని నడుముకు కట్టేశాడు. బడి ఉన్నంతసేపూ ఆ కట్టుతోనే కూర్చునేదాన్ని. ఒంటికి పోవాలన్నా ఎవరో ఒకరు విప్పాలి. విప్పమంటే పోరగాళ్లు నవ్వేవాళ్లు.

ఇంటికొచ్చి అవ్వ ముందు ఏడ్చాను. కన్నతల్లే అయినా మా అవ్వ ఓదార్చే రకం కాదు.

"కొడితే కొట్టనియ్యి. సంపుతడా ఏంది? బడికి పోనంటవా, రేపటికెల్లి నాతోని కల్లు మండువకు రా. కుండ ముంగట కూసో. తాగి పొర్లేటోళ్లు ఏమేం మాటలంటరో ఇను. ఎవడు నీ కొంగు వడతడో సూడు."

మా నాయిన తాటిచెట్టు మీది నుంచి పడి చచ్చిపోయాక కల్లు మండువలో కుండ ముందు కూర్చున్నది మా అవ్వే. అక్కడ ఆమె పడ్డ మాటలు నాకు చెప్పలేదు గానీ ఇంటికొచ్చాక కడుపులో కాళ్లు ముడుచుకుని పడుకోవడం నేను చూశాను. నాలుగో తరగతి దాటితే ఆడపిల్లకు పంతులమ్మ కొలువు దొరుకుతుందని ఆమెకు ఎవరో చెప్పారు. అంతే, ఆ మాటను పట్టుకుని వేలాడింది. నేను బడిలో ఉండాలి, లేదంటే మండువలో ఉండాలి. మూడో దారి మాకు లేదు. కాబట్టి మర్నాడు నా అంతట నేనే పోయి పంతులు ముందు నిలబడి చెయ్యి కట్టించుకున్నాను.

తనిఖీ రోజు పొద్దున పంతులు నా కట్టు విప్పాడు. సాహెబు చూస్తే బాగుండదు కదా! "ఇయ్యాల నువ్వు చెయ్యే లేపకు. సప్పుడు చెయ్యకుండ మూలకు కూసో" అన్నాడు.

సాహెబు ముసలాయన. ఒకప్పుడు ఆయనా పంతులు పని చేసినవాడేనట. మొదటి ప్రశ్నకు చేతులన్నీ లేచాయి. పంతులు ఒక కుడిచెయ్యిని లేపాడు. వాడు చెప్పాడు. రెండోదీ అంతే. మూడో ప్రశ్న అడిగి సాహెబు ఆగాడు. చేతుల మీదుగా కళ్లు తిప్పాడు. మీసాల్లోంచి నవ్వి ఉర్దూలో, "ఈసారి ఎడమచేతుల వాళ్లు చెప్పాలి" అన్నాడు. పెద్ద పంతులు మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడకు ఆనుకున్నాడు. ఎడమచేతులు ఎత్తిన పోరగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను చెయ్యి లేపకూడదు. కానీ ప్రశ్నకు జవాబు తెలుసు, చెయ్యి అప్పటికే లేచి ఉంది. మొత్తం బడిలో గాజులున్న చెయ్యి అదొక్కటే కాబట్టి సాహెబు దాన్నే చూపించాడు.

చెప్పాను. ఆయన పదిహేనో ఎక్కం అడిగాడు, చెప్పాను. ఉర్దూ పుస్తకం తీసి చదవమన్నాడు, చదివాను. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో అడిగితే అదీ చెప్పాను. సాహెబు పుస్తకం మూసి పంతులు వైపు తిరిగాడు. "నేను మిమ్మల్ని తప్పుగా అనుమానించాను" అన్నాడు. ఇంకెవరినీ లేపలేదు. సాయం మంజూరైంది. పైగా, ఈ అమ్మాయికి జల్సా నాడు అందరి ముందు ఇనాము ఇవ్వాలని హుకుం చేసి మరీ పోయాడు.

ఆ సాయంత్రం పెద్ద పంతులు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "బడిని నిలవెట్టినవ్ బిడ్డా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లంతా పొంగిపోయింది. బరిగె దెబ్బలన్నీ మరిచిపోయాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న అని పెద్దలు ఊరికే అన్నారా? ఆ వయసులో నాకేం తెలుసు!

జల్సా అంటే ఏడాదికోసారి బడి చేసుకునే పండుగ. ఆ ఏడు దొర వస్తున్నాడు. చుట్టూ ఊళ్లు ఆయనవి. రెండు అర్రలకూ కొత్త పెంకులు వేయిస్తాడని పంతులు ఆశ. మా మేనమామలు తాటికమ్మలు, మట్టలు మోసుకొచ్చి పందిరి వేశారు, ఉత్తపుణ్యానికే. అవ్వ నాకు తలంటి కొత్త లంగా కట్టి, తాను ఆడవాళ్ల వెనకాల నిలబడింది. పంతులు నాతో పదే పదే అభ్యాసం చేయించాడు: వంగి దండం పెట్టు, కుడిచెయ్యి చాపు, ఇనాము తీసుకో, వెనక్కి నడువు. అభ్యాసంలో ఒక్కసారీ తప్పలేదు.

దొర ఎదుట నిలబడ్డాను. అంత దగ్గర నుంచి ఆయన్ని ఎవరం చూడలేదు. వంగి దండం పెట్టాను. ఆయన పళ్లెంలోంచి పుస్తకం, రవికగుడ్డ తీసి ముందుకు చాపాడు. చెయ్యి చాపాను. చాపింది ఎడమచెయ్యని నాకు తెలిసేసరికే నా వేళ్లు ఆయన వేళ్లకు తగిలాయి.

దొర అరవలేదు. ఇనామును పళ్లెంలో తిరిగి పెట్టేసి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఎవల బిడ్డరా ఇది?"

"కల్లమ్ముకునేదాని బిడ్డ బాంచెన్. తప్పయింది దొరా" అని పెద్ద పంతులు చేతులు జోడించాడు.

"తప్పయితే దిద్దున్రి. నేనూ సూస్త" అని కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

పంతులు బరిగె కోసం వెతుక్కున్నాడు. పండుగ కదా, తెచ్చుకోలేదు. వెనక నిలబడ్డ మా అవ్వను పిలిచి చెవి దగ్గర అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. "నీ బిడ్డను నువ్వే దిద్దుకో. దొర మనసు సల్లవడితే బడి నిలుస్తది, నీ బిడ్డ బడిల ఉంటది."

అవ్వ పందిట్లోంచి ఒక తాటిమట్ట లాగింది. తాటిమట్ట చూసినవాళ్లకు తెలుసు, దాని అంచులకు రంపం లాంటి పళ్లుంటాయి. అవ్వ గీతకార్మికుడి భార్య, ఆ సంగతి ఆమెకు చెప్పాలా? నున్నటి వైపు తిప్పి నా ఎడమచెయ్యి మీద కొట్టింది. చప్పుడు పెద్దగా వచ్చేట్టు, దెబ్బ చిన్నగా తగిలేట్టు.

దొర ఆ ఒడుపు కనిపెట్టాడు. "తిప్పి కొట్టు" అన్నాడు.

అవ్వ తిప్పింది.

ఆమె కొట్టేటప్పుడు నాకు మాత్రమే వినపడేట్టు, "ఓర్సుకో బిడ్డా, బడి ఉంటది. ఓర్సుకో, బడి ఉంటది" అంటూనే ఉంది. పందిట్లో అంతమంది పెద్దమనుషులున్నారు. ఒక్కడు నోరు తెరిచి చాలనలేదు. ముందు వరసలో పిల్లలు పుట్నాలు తింటూ చూశారు. నా చెయ్యి ఇక లేవనప్పుడు దొర వేలు ఎత్తాడు. అవ్వ ఆగింది.

తర్వాత జల్సా మామూలుగా నడిచింది. నా ఇనాము దొర కారుబారు చూసే ఆయన కొడుక్కి ఇచ్చారు. ప్రతి ప్రశ్నకూ ఎడమచెయ్యి లేపిన వెధవ, ఆరో ఎక్కం కూడా రాదు వాడికి. పెద్ద పంతులు నిలబడి ఆ ఏడు బడి సాధించిన తరక్కీ గురించి కొండంత రాగం తీశాడు. దొర రెండు అర్రలకూ పెంకులు వేయిస్తానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్న మా అవ్వ కూడా కొట్టింది.

చెయ్యి కుండలా వాచింది. అవ్వ నల్లాలం ఆకు నూరి కట్టేది. మానేసరికి రెండు వేళ్లు వంకర తిరిగాయి. ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. మంచంలో ఉన్నన్నాళ్లూ కుడిచేత్తో రాయడం నేర్చుకున్నాను, అవ్వ పక్కన కూర్చుని రాయించింది. అక్షరాలు కుదిరాక నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది. కొత్త పెంకులు ఎర్రగా మెరుస్తున్నాయి. పెద్ద పంతులు గడపలోనే నిలబడ్డాడు.

"నీ బిడ్డ తెలివిగల్లది. నేను కాదంటలేను. గని దొర ఇగ ఏటేటా జల్సాకొస్తరు. ఈమె మల్ల ఆయన కండ్ల వడితే బడి మీదికొస్తది."

"ఇగ కుడితోనే రాస్తది అయ్యా. సూడు. రాసి సూపియ్యే" అని అవ్వ నన్ను ముందుకు తోసింది. నేను గడప ముందు దుమ్ములో కుడిచేత్తో రాశాను.

ఆయన వంగి చూశాడు. "మంచిగనే రాస్తుంది. కాని కుదరదే. తీస్కపో."

అవ్వ ఆ రాత మీంచి కళ్లెత్తింది. "బడిల ఉండనియ్యనోనివి, గట్లెందుకు కొట్టిచ్చినవయ్యా? గప్పుడే చెప్తే కొట్టకపోదును గద."

పెద్ద పంతులుకు కోపం రాలేదు. రాని లెక్కను పిల్లలకు మళ్లీ చెప్పినంత నిదానంగా చెప్పాడు.

"గప్పటికి దొర పెంకులిస్తనని అనలే గదనే."

కల్లు దిగే వేళయింది. అవ్వ నన్ను వెంటబెట్టుకుని అటు నుంచి అటే మండువకు పోయింది. కుండ ముందు తాను కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టింది.