మలేసియా పోయే అట్టల మూట

ధర్మవరంలో జయరాముడి ఇంటికి నీళ్ల క్యాన్లు వేసే మనిషి క్యాను దించి వాకిట్లోనే నిలబడతాడు. గడప దాటితే లోపల్నుంచి "ఏమప్పా, యాడ చూస్తాండావు?" అన్న గొంతు వినిపిస్తుందని అతనికి అనుభవం. కరెంటు మీటరు చూసే అతను కూడా మీటరు తప్ప మరో వస్తువు కంట పడకుండా తల వంచుకుని పోతాడు. జయరాముడు చెడ్డవాడు కాదు. ఎవరినీ ఒక్క మాట అనడు, ఎవరి సొమ్మూ ఆశించడు. కాకపోతే మనుషుల్ని నమ్మడమనేది ఆయనకు చేతకాని పని. రేషం, అంటే పట్టునూలు, కొంటే ఒక పోగు లాగి కాల్చి, బూడిద వేళ్లతో నలిపి, వాసన చూస్తేగానీ తీసుకోడు. పెళ్లిలో మామగారు పెట్టిన పట్టుపంచెకూ అదే మర్యాద చేశాడని భార్య చంద్రిక ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. పోగు అసలుదేనని తేలిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద తను నేస్తాడు, రెండోదాని మీద ఓబన్న. ఓబన్న ఇరవై రెండేళ్లప్పుడు పనికి వచ్చాడు, ఇప్పుడు ముప్పై నాలుగు. పన్నెండేళ్లు పక్కపక్క మగ్గం గుంతల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనుషులు. చీర అంచులకు డిజైన్లు జయరాముడే గీస్తాడు. ఆ గీత ప్రకారం రంధ్రాలు కొట్టిన అట్టలు వరసగా దారంతో కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, అట్ట చెప్పినట్టు జరీ పువ్వు తేలుతుంది. డిజైన్ మొత్తం ఆ అట్టల్లోనే ఉంటుంది. అట్టలు ఎవరి చేతిలో ఉంటే అంచు వాళ్లది. ఈ కాలంలో చాలామంది అట్టలు మాని కంప్యూటరు పెట్టెలకు మారారు. జయరాముడు మారలేదు. వేలెడంత పెన్‌డ్రైవు జేబులో వేసుకుపోతే ఎవరికి తెలుస్తుందని ఆయన వాదన.

పోయిన ఏడాది ఆ అనుమానం రోగమై కూర్చుంది. మూడు నెలలు తిండి ధ్యాస లేక గీసిన నెమలి అంచు ఒకటుంది. మొదటి చీర ఇంకా మగ్గం దిగనే లేదు, బజారులో ఒక అంగడి అద్దం వెనక అదే నెమలి, అదే మెడ వంపు, ముక్కులో అదే చిగురు పట్టుకుని నిలబడి ఉంది. వాళ్లు మరమగ్గం మీద వేసి సగం ధరకు అమ్ముతున్నారు. జయరాముడు నిలువునా కాలిపోయాడు. ఎవరు ఇచ్చుంటారు? అట్టలు కొట్టినవాడా? ఎదురింటివాడా? ఇంట్లో పొద్దస్తమానం ఆ నెమలి ముందు కూర్చున్నది తను కాక ఒక్కడే. ఆ పేరు ఆయన పైకి అనలేదు. అనకుండానే మగ్గాల గదికి కొత్త తాళం తెచ్చాడు. రోజూ సాయంత్రం రెండు మగ్గాల మీది అట్టలూ దించి, లెక్కపెట్టి, మూట కట్టి, బీరువాలో పెట్టడం మొదలుపెట్టాడు. పొద్దున మళ్లీ ఎక్కించడానికి అరగంట. ఓబన్న ఆ అరగంటా గోడకు ఆనుకుని నిలబడి చూస్తాడు. ఏడాదిగా ఒక్క మాట అడగలేదు.

ఇలాంటి ఇంట్లో చంద్రిక ఒకరోజు మలేసియా మాట ఎత్తింది.

"బెంగళూరు ఏరోడ్రోము మనకు తిరుపతి కన్నా దగ్గర. ఆడెక్కితే నాలుగు గంటలు. అంతే."

పెద్ద కూతురు అనుపమకు ఐదేళ్లు. ఏదో వీడియోలో రోజూ మధ్యాహ్నం వాన పడే ఊరు చూసినప్పటి నుంచి తల్లిని పీకుతోంది. ఆ పిల్లకు తెలిసిన వాన ఏడాదికి నాలుగు రోజులది. చిన్నది శశికి ఇరవై నెలలు. ఇప్పుడైతే దానికి విమానంలో సీటు కొననక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. రెండేళ్లు నిండితే పూర్తి టికెట్టు. అందుకే చంద్రికకు తొందర.

"వీసా?" అన్నాడు జయరాముడు.

"అక్కర్లేదంట. ఊరికే రానిస్తారంట."

జయరాముడు చేతిలో నూలు కండె కింద పెట్టాడు. "ఊరికే రమ్మని యా దేశమైనా పిలుస్తాదా? ఏదో ఉండాది అందులో."

"ఏముంటాది? మన దుడ్లు ఆడ ఖర్చుపెడ్తామని పిలుస్తారు."

"చూసినావా!" అన్నాడు జయరాముడు, దొంగ దొరికినట్టు.

అక్కడితో ఆగలేదు. పసిబిడ్డకు సీటు లేదనడం మోసమన్నాడు. పాస్‌పోర్టు ఆఫీసులో శశి పుట్టిన సర్టిఫికెట్ అసలు కాగితం చూపించమంటే, ఒక కొస తన చేత్తో పట్టుకునే రెండో కొస ఆఫీసరమ్మకు అందించాడు. ఆమె లాగింది, ఈయన వదల్లేదు. చివరికి ఆమే నవ్వి, అలాగే వంగి చదువుకుంది. విచారణకు ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌ను ముందు గుర్తింపు కార్డు చూపించమన్నాడు. పాపం, ఆ మనిషి చూపించాడు కూడా. చంద్రిక అన్నీ ఓర్చుకుంది. రాగిపిండి వేయించి జల్లెడ పట్టింది, జ్వరం మందూ వాంతుల మందూ డాక్టరు దగ్గర రాయించుకుంది, విమానం ఎక్కేటప్పుడు చెవులు నొప్పి పుడితే చప్పరించడానికి పిల్లలకు బెల్లం బిళ్లలు కొంది. ఆరు రోజుల ప్రయాణం. శుక్రవారం పొద్దున బయలుదేరాలి.

అసలు చిక్కు మగ్గాల దగ్గర వచ్చింది. రెండు మగ్గాల మీదా ఇప్పుడు కొత్త అంచు నడుస్తోంది. శనక్కాయ మొక్క అంచు. ఆకులు, పసుపు పువ్వులు, కింద మట్టిలోకి దిగిన ఊడలకు కాయలు. ఇంతకాలం ఎవరికీ తట్టని అంచు అది. శ్రావణం పెళ్లిళ్లకు ముందు బయటికి తెస్తే ఏడాదంతా తిరిగి చూసుకోనక్కర్లేదు. ముందే ఎవరి చేతికైనా పోతే, నెమలితో పాటు ఇదీ గంగలో కలిసినట్టే. తను లేని ఆరు రోజులూ ఓబన్న ఒక్కడే ఆ గదిలో ఉంటాడు. ఆ ఊహ వచ్చాక జయరాముడు అట్టలు రెండుసార్లు లెక్కపెట్టాడు.

బుధవారం పొద్దున చెప్పేశాడు. "ఓబా, నేనొచ్చే వరకు మగ్గం నిలుపుదాం. అట్టలు ఈడ ఉండవు."

ఓబన్న పోగుల మధ్య నాడె విసరడం ఆపాడు. పని నిలిస్తే ఆరు రోజుల కూలీ నిలుస్తుందని ఇద్దరికీ తెలుసు. "సరేన్నా," అన్నాడు. తెగిన పోగు ముడేస్తూ, "పాపలకు జరమొస్తే ఇయ్యడానికి మందు పెట్టుకున్నారా? కొత్త నీళ్లు కదా," అన్నాడు.

ఆ మాట కూడా జయరాముడికి అనుమానంగానే వినిపించింది. కోపం రావలసిన మనిషికి కోపమెందుకు రాలేదు?

బీరువాలో పెట్టి పోదామంటే బీరువా తాళాన్ని నమ్మలేదు. బావమరిది ఇంట్లో పెడదామంటే బావమరిదిని నమ్మలేదు. గురువారం పొద్దున చంద్రిక సూట్‌కేసు తెరిచి చూస్తే రాగిపిండి డబ్బా, పిల్లల బట్టలు, డైపర్లు మంచం మీద ఉన్నాయి. సూట్‌కేసు నిండా అట్టల మూట ఉంది.

"ఇదేంది?"

"నాతో వస్తాయి."

"అట్టలు మలేసియా చూస్తాయా?" చంద్రిక గొంతు లేచింది. "తూకం ఇంతేనని రాసినారు టికెట్టులో. ఇవి పెట్టుకుంటే బిడ్డకు ఏం పెడ్తావు? అట్టలు నానబెట్టి తినిపిస్తావా?"

"నా కష్టం ఎవరో ఎత్తుకపోతే నువ్వు తెచ్చిస్తావా?"

"ఎవరు? పేరు చెప్పు. ఒక్కసారి పేరు చెప్పు నాకు. ఏడాది నుంచి ఆ తాళంచెవి మొలకు కట్టుకుని తిరుగుతాండావు. నీకు భయమైతే ప్రయాణం మానేస్తాం. నేను పిల్లోల్లకు చెప్తా, మీ నాయనకు మనుషులంటే భయమని."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పాస్‌పోర్టుల సంచి ఆయన ముందు పడేసి, "దిగినాక చూపించే ఫారం నింపల్ల. శశి సర్టిఫికెట్ ఫోటో నీ ఫోనులోనే ఉండాది. ఎతికి పంపు, లేదా అన్నీ చించేయి," అని వంటింట్లోకి పోయింది.

జయరాముడు మంచం అంచున కూర్చుని ఫోను వెతకసాగాడు. వేలితో వెనక్కి తోస్తూ పోయాడు. రేషం బిల్లులు, చీరల మడతలు, అనుపమ పన్ను ఊడిన నోరు, శశి తప్పటడుగులు. ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది. శశి మొదటిసారి ఆసరా లేకుండా కూర్చున్న రోజది. మగ్గం పక్కన చాప మీద, బోసినోటితో, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నవ్వుతోంది. ఆ బిడ్డ తల వెనక, మగ్గం మీద సాపుగా పరుచుకుని, నెమలి అంచు ఉంది. ఒక్క పోగు కూడా దాగకుండా. మెడ వంపుతో సహా, ముక్కులో చిగురుతో సహా.

తీసింది తనే. ఆ సంతోషంలో వాట్సాప్ స్టేటస్ పెట్టింది కూడా తనే. ఆ రోజు ఎంతమంది చూశారో అని మాటిమాటికీ తెరిచి చూసుకున్నది గుర్తొచ్చింది. జరీ వ్యాపారులు, అంగళ్లవాళ్లు, అట్టలు కొట్టేవాళ్లు. అందరి నంబర్లూ ఆ ఫోనులోనే ఉన్నాయి. తేదీ చూశాడు. అంగడి అద్దంలో నెమలి కనిపించడానికి సరిగ్గా ఇరవై మూడు రోజుల ముందు.

అనుపమ వచ్చి "నాయనా, మలేసియాలో వాన పడేటప్పుడు చెప్పులు వేసుకోవల్లా?" అని అడిగినా ఫోను మీంచి కళ్లు తీయలేదు. ఏడాది పొడుగునా తన పక్కనే కూర్చున్న మనిషిని దొంగను చూసినట్టు చూశాడు.

అట్టల మూట సైకిల్ వెనక కట్టుకుని ఓబన్న ఇంటికి పోయాడు. ఎండ నడినెత్తిన ఉంది. ఓబన్న వాకిట్లో వేపచెట్టు నీడన కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. అతని భార్య తిమ్మమ్మ జయరాముడిని చూసి, మూటను చూసి, మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి పోయింది. ఎవరి రేషమో తెలియని రంగుల కండెలు బుట్టలో ఉన్నాయి. మామూలు రోజైతే జయరాముడు ముందు వాటినే అనుమానించేవాడు.

"ఓబా," అన్నాడు. ఫోను తీసి ఫోటో చూపించాడు. "నెమలిని బయట పెట్టింది ఎవరో కాదు. నేనే. స్టేటస్ పెట్టినా."

ఓబన్న ఫోను వైపు ఒక్కసారే చూశాడు. "తెలుసన్నా. ఆ పొద్దే చూసినా."

"ఆ పొద్దా?"

"బిడ్డ కూర్చుండాది కదా, ముద్దొచ్చి చూసినా. ఎనక నెమలి కనపడింది. చెప్దామనుకున్నా, మరుసటి పొద్దుకు స్టేటస్ దానికదే పోయింది, పోనీలే అనుకున్నా. అంగట్లో నెమలి కనపడినాక చెప్దామనే మీ ఇంటికొచ్చినా. వచ్చేపాటికి తలుపుకు కొత్త తాళం ఉండాది."

"చెప్పొచ్చు కదప్పా! ఏడాది నుంచి గోడకు ఆనుకుని చూస్తాండావే!"

"నువ్వు అడగలేదు కదన్నా," అన్నాడు ఓబన్న. గొంతు పెంచలేదు. "ఓబా, నువ్వేమైనా ఇచ్చినావా అని ఒక్క మాట అడిగింటే చెప్తాంటి. తిట్టింటే తిరిగి తిడ్తాంటి. నువ్వు అడగలేదు. తాళమేసినావు. తాళానికి నేనేం జవాబు చెప్పల్ల?"

జయరాముడు మూట సైకిల్ మీంచి దించి, ముడి విప్పి ముందుకు జరిపాడు. "ఇవి నీ దగ్గరే పెట్టుకో. తాళంచెవి కూడా. రెండు మగ్గాలూ నువ్వే నడుపు. నాకు ఇంకేం చెప్పనీకి తెలీదు. తప్పయిపోయింది."

ఓబన్న కండె చుట్టడం ఆపి మూటను చూశాడు. శనక్కాయ అంచు మొదటి గజం నేసింది అతనే. ఒక అట్ట కొస వంగి ఉంటే వేలితో సరిచేశాడు. తర్వాత మూట మళ్లీ ముడేసి, జయరాముడి వైపే తోశాడు.

"వద్దన్నా. నిన్న సాయంత్రమే వేరే ఇంట్లో ఒప్పుకున్నా. ఇవి వాళ్ల కండెలే. మాట ఇచ్చినాక తిరగను."

"నేనొచ్చినాక?"

"అప్పుడు చూద్దాం. ఇప్పుడే ఏం చెప్పేది?" ఓబన్న మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టాడు. "నువ్వు పిల్లోల్లను పిలుచుకుని పో. అట్టలు బీరువాలో పెట్టు, ఎవరూ ముట్టరు. ఆడ ఫోటోలు దిగితే స్టేటస్ పెట్టన్నా. చూస్తా."

జయరాముడు మూట ఎత్తుకుని లేచాడు. నాలుగడుగులు సైకిల్ దాకా వేశాడు. ఆ చివరి మాట వెంట వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు ప్రకారం దాన్ని ఇంటిదాకా మోసుకుపోయి, పోగులాగా లాగి, కాల్చి, వాసన చూసుకుంటూ రేపు విమానంలో కూడా కూర్చోవలసినవాడే. కానీ ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఓబా, నన్ను ఎక్కిరిస్తాండావా?"

రాట్నం ఆగింది. ఓబన్న తలెత్తి ఆయన ముఖంలోకి సూటిగా చూశాడు.

"అవునన్నా," అన్నాడు. "ఎక్కిరిస్తాండా."